బోరు మోటారు కబురు అందుకునే తూము: ఈవెంట్ ప్రాసెసింగ్ వ్యవస్థలో ఇన్‌బౌండ్ ఎండ్‌పాయింట్లను అమర్చే సమగ్ర మార్గదర్శి

నల్గొండ జిల్లాలో బత్తాయి తోటలున్న ఊళ్లలో బోరు మోటారు కాలిపోవడం చిన్న విషయం కాదు. మోటారును పైకి లాగించాలి, వైండింగ్ చేయించాలి, మళ్లీ దింపించాలి; ఈలోపు ఎండాకాలమైతే చెట్టు మీది పిందె రాలిపోతుంది. బోరులో నీళ్లు అందకపోయినా మోటారు తిరుగుతూనే ఉండటం వల్లనో, మూడు ఫేజుల్లో ఒకటి పోయి మిగతా రెండింటి మీద భారం పడటం వల్లనో ఈ నష్టం చాలాసార్లు జరుగుతుంది. స్టార్టర్ డబ్బాలో ఒక చిన్న బోర్డు బిగించి, వోల్టేజీని, ఆంప్స్‌ను, నీటి ప్రవాహాన్ని కొలిపించి, ఆ లెక్కలను మొబైల్ సిగ్నల్ ద్వారా ఒక ఈవెంట్ ప్రాసెసింగ్ వ్యవస్థకు (వచ్చే సందేశాలను ముందే రాసిన నియమాలతో సరిచూసే సాఫ్ట్‌వేర్‌కు) పంపిస్తే, "ప్రవాహం సున్నాకు పడి, ఆంప్స్ మామూలు కన్నా తగ్గి, ఆ స్థితి ముప్పై సెకన్లు కొనసాగింది" అన్న సంగతి రైతు ఫోనుకు వెంటనే చేరుతుంది. మోటారును ఆపే పని మాత్రం ఆ డబ్బాలోని బోర్డే చేయాలి. సిగ్నల్ మీద ఆధారపడి మోటారును కాపాడే ఏర్పాటును నేను ఎవరికీ సిఫారసు చేయను.

ఇలాంటి వ్యవస్థ కట్టేవారు నియమాలు రాయడం మీద చూపే శ్రద్ధలో పావు వంతు కూడా సందేశాలు లోపలికి వచ్చే చోటు మీద చూపరు. ఆ చోటునే ఇన్‌బౌండ్ ఎండ్‌పాయింట్ అంటారు. సిద్ధి, ఫ్లింక్ వంటి ఈవెంట్ ప్రాసెసింగ్ ఇంజన్లలో సోర్స్ అన్న పేరుతో కనిపించేది ఇదే. నియమం ఎంత తెలివిగా రాసినా, ఈ చోట పోయిన సందేశాన్ని అది తిరిగి తేలేదు. అందుకే ఈ మార్గదర్శిని పూర్తిగా ఆ ఒక్క చోటుకే కేటాయిస్తున్నాను.

చెరువు తూము దగ్గర నీరటి చేసే పనిని గుర్తు చేసుకుంటే ఎండ్‌పాయింట్ పని సులువుగా అర్థమవుతుంది. ఏ కాలువకు ఎంత నీరు వదలాలో చూసి తూము తీయడం, మూయడం వరకే ఆయన బాధ్యత. ఆ నీటితో ఎవరు ఏ పంట వేస్తారన్నది ఆయన చూడడు. ఎండ్‌పాయింట్ కూడా నాలుగు పనులకే పరిమితం కావాలి: పంపినవారు ఎవరో గుర్తించడం, సందేశాన్ని తీసుకోవడం, అది అందిన సమయాన్ని దాని మీద వేయడం, భద్రమైన చోట దాచి "అందింది" అని చెప్పడం. ఈ నాలుగింటిలో చివరిది అన్నిటికన్నా ముఖ్యం. దాచకముందే "అందింది" అని చెప్పిన ఎండ్‌పాయింట్ అబద్ధం చెప్పినట్లే, ఎందుకంటే ఆ మాట నమ్మి బోర్డు తన దగ్గరున్న ప్రతిని చెరిపేస్తుంది.

మొదట కాగితం మీద లెక్క

సాఫ్ట్‌వేర్ తెరవకముందే కొన్ని ప్రశ్నలకు జవాబులు రాసుకోవాలి. సందేశాలు పంపేది ఎవరు, ఎన్ని నిమిషాలకొకసారి, ఒక్కో సందేశం ఎంత పెద్దది, ఒకటి పోతే నష్టమేమిటి, అదే సందేశం రెండుసార్లు వస్తే నష్టమేమిటి, వరుస తప్పితే నష్టమేమిటి అన్నవి ఆ ప్రశ్నలు. ఉదాహరణకు 400 బోర్డులు ముప్పై సెకన్లకొకసారి ఒక్కో సందేశం పంపుతాయనుకుందాం. నిమిషానికి 800 సందేశాలు, అంటే సెకనుకు పద్నాలుగు కూడా కాదు. ఇంతేగదా అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అయితే టవర్ సిగ్నల్ రెండు గంటలు పోయి తిరిగి వచ్చినప్పుడు ఒక్కో బోర్డు తన దగ్గర దాచుకున్న 240 సందేశాలను ఒకేసారి పంపుతుంది. 400 బోర్డులకు కలిపి అవి 96,000 అవుతాయి. మీ ఎండ్‌పాయింటును ఈ రెండో లెక్కకు కట్టాలి. చెరువు కట్టను మామూలు వానను చూసి కాకుండా పెద్ద వరదను చూసి కడతారు, ఇదీ అంతే.

ఆ తరువాత సందేశాలు పంపే ఒక్కో రకంవారికి ఒక్కో ద్వారం నిర్ణయించాలి. పొలంలోని బోర్డులకు ఎంక్యూటీటీ (చిన్న పరికరాలు సందేశాలు పంపే తేలికపాటి పద్ధతి) సరిపోతుంది. బయటి వాతావరణ సేవ నుంచో ఫోన్ యాప్ నుంచో వచ్చేవాటికి హెచ్‌టీటీపీ (వెబ్‌సైట్లు వాడే పద్ధతి) కావాలి. అదే సంస్థలో మరో వ్యవస్థ ఇప్పటికే కాఫ్కాలో (సందేశాలను వరుసగా దాచి ఉంచే సాఫ్ట్‌వేర్‌లో) రాస్తున్న సమాచారాన్ని కాఫ్కా నుంచే చదవాలి. మూడింటినీ ఒకే ద్వారంలో దూర్చే ప్రయత్నం చేయవద్దు. వాటి లోపాలు వేరు, వాటిని సరిదిద్దే తీరూ వేరు.

ఎంక్యూటీటీ ద్వారం

1999లో ఆండీ స్టాన్‌ఫోర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు ఇంజనీర్లు చమురు పైపులైన్ల సమాచారాన్ని ఉపగ్రహం ద్వారా తక్కువ ఖర్చుతో పంపడానికి ఈ పద్ధతిని రూపొందించారు. తెగిపోయే లైను, తక్కువ డేటా, చిన్న పరికరం అన్న మూడు ఇబ్బందులనూ ఎదురుగా పెట్టుకొని తయారైనది కాబట్టి మన పొలాలకు కూడా చక్కగా నప్పుతుంది.

సందేశాలను అందుకొని వినేవారికి పంచే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్‌ను బ్రోకర్ అంటారు. బ్రోకరుగా మస్కిటోను తీసుకుంటే, 2.0 వెర్షన్ నుంచి ఒక మార్పు గుర్తుంచుకోవాలి. కాన్ఫిగరేషన్ ఫైలులో లిజనర్ (ఏ పోర్టు మీద కనెక్షన్లు తీసుకోవాలో చెప్పే సెట్టింగ్) రాయకపోతే అది అదే కంప్యూటర్ నుంచి వచ్చే కనెక్షన్లను మాత్రమే తీసుకుంటుంది. లిజనర్ రాశాక పేరు, పాస్‌వర్డ్ లేనివారిని రానివ్వదు. ఇన్‌స్టాల్ చేసిన మొదటి రోజున "బోర్డు కనెక్ట్ కావడం లేదు" అని వెతుక్కునేవారికి సాధారణంగా ఎదురయ్యేది ఇదే. కాబట్టి టీఎల్‌ఎస్‌తో (గుప్తీకరణతో) 8883 పోర్టు మీద ఒక లిజనర్ రాయండి, ఫైర్‌వాల్‌లో ఆ పోర్టును తెరవండి, గుప్తీకరణ లేని 1883 పోర్టును బయటి ప్రపంచానికి మూసి ఉంచండి. అనానిమస్ (పేరు చెప్పకుండా చేరే) అనుమతిని ఆన్ చేసి సమస్య తీరిందనుకోవద్దు. సందేశాలను డిస్కు మీద దాచే పర్సిస్టెన్స్ సెట్టింగ్ మస్కిటోలో మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేయకపోతే బ్రోకర్ ఆగి మళ్లీ మొదలైనప్పుడు వరుసలో వేచి ఉన్నవన్నీ పోతాయి.

తరువాత టాపిక్ పేర్లు, అంటే ఒక్కో రకం సందేశానికి పెట్టే చిరునామాలు. "నీరు, జిల్లా, మండలం, బోరు సంఖ్య, కొలత" అన్న వరుసలో ఏటవాలు గీతలతో (/) విడదీసి రాస్తే, ఒక మండలానికి చెందినవన్నీ వినాలన్నా, ఒక్క బోరునే వినాలన్నా వీలుగా ఉంటుంది. వినాల్సిన టాపిక్ పేరులో కూడిక గుర్తు (+) ఒక అంతస్తుకు, హ్యాష్ గుర్తు (#) కింద ఉన్న అన్ని అంతస్తులకు వర్తిస్తాయి. హ్యాష్ ఒక్కటే రాసి అన్నీ వినే అలవాటు పరీక్షకు పనికొస్తుంది. నడుస్తున్న వ్యవస్థలో ఉంచితే కొత్తగా ఎవరు ఏ టాపిక్ మొదలుపెట్టినా అది మీ నియమాల్లోకి వచ్చి పడుతుంది. ఏ బోర్డు ఏ టాపిక్‌లో రాయవచ్చో ఏసీఎల్ (ఎవరికి ఏ అనుమతి ఉందో రాసే) ఫైలులో బిగించండి: ఏడో నంబరు బోరు ఏడో నంబరు టాపిక్‌లో మాత్రమే రాయాలి.

క్లయింట్ ఐడీ (బోర్డు బ్రోకర్‌కు చెప్పుకునే పేరు) గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒకసారి బోర్డులు బిగిస్తున్నప్పుడు ఒక దానిలోని ఫైలును అలాగే మరో దానిలోకి కాపీ చేశాము. టాపిక్ మార్చాము గానీ క్లయింట్ ఐడీ మార్చడం మరిచాము. ఒకే ఐడీతో రెండో బోర్డు వస్తే బ్రోకర్ మొదటిదాన్ని తెంపాలన్నది ఎంక్యూటీటీ నియమం. తెగిన బోర్డు మళ్లీ కనెక్ట్ అవుతుంది, అప్పుడు రెండోది తెగుతుంది. చండూరు వైపున్న రెండు బోర్లు అలా తెల్లవారే దాకా ఒకదాన్నొకటి నెట్టుకున్నాయి. మేము మాత్రం సిగ్నల్ బాగాలేదనుకొని యాంటెన్నాను మార్చి మార్చి చూశాము. లాగ్‌లో ఒకే ఐడీ కొన్ని సెకన్లకొకసారి చేరుతూ, తెగుతూ కనిపించిందంటే సిగ్నల్ కన్నా ముందు ఈ విషయాన్ని అనుమానించాలి. ఇప్పుడు మేము ఐడీని చేత్తో రాయము, ప్రతి మోడెంకూ వేరుగా ఉండే ఐఎంఈఐ నంబరు నుంచే తీసుకుంటాము.

క్యూవోఎస్ (సందేశం చేరుతుందన్న హామీ స్థాయి) విషయంలో నా సలహా ఒకటే: కొలతలకైనా హెచ్చరికలకైనా ఒకటో స్థాయి వాడండి. సున్నా స్థాయిలో సందేశం పోతే పోయినట్లే. రెండో స్థాయిలో ఒక్కో సందేశానికి నాలుగు పొట్లాలు అటూ ఇటూ తిరగాలి, పైగా అది ఇచ్చే హామీ పరికరానికీ బ్రోకరుకూ మధ్యనే ఉంటుంది. అక్కడి నుంచి మీ డేటాబేస్ దాకా ఆ హామీ రాదు. ఒకటో స్థాయిలో అదే సందేశం రెండుసార్లు రావచ్చు. దాన్ని ఎలా తట్టుకోవాలో కిందికి వచ్చాక చెబుతాను. మీరు వాడే క్లయింట్ లైబ్రరీ సందేశం చేతికివ్వగానే తనంతట తానే రసీదు పంపుతుందేమో చూసుకొని, వీలుంటే మాన్యువల్ రసీదుకు మార్చండి.

రిటెయిన్ అన్న గుర్తు మరో గుంత. రిటెయిన్ పెట్టి పంపిన చివరి సందేశాన్ని బ్రోకర్ దాచుకొని, కొత్తగా వినడానికి వచ్చిన ప్రతివారికీ ఇస్తుంది. మీ వ్యవస్థను రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ నిన్నటి "మోటారు ఎండిపోయి తిరుగుతోంది" అన్న కబురు కొత్తదానిలా వచ్చి రైతును అర్ధరాత్రి పొలానికి పరిగెత్తిస్తుంది. కొలతలకు రిటెయిన్ పెట్టవద్దు. వచ్చిన సందేశంలో ఆ గుర్తు ఉంటే దాన్ని స్థితిగా చదవండి, సంఘటనగా లెక్కించవద్దు.

కీప్ అలైవ్‌ను (బోర్డు మౌనంగా ఉండదగిన సమయాన్ని) 60 సెకన్లు పెడితే, ఆ సమయానికి ఒకటిన్నర రెట్లు, అంటే 90 సెకన్లు ఏ కబురూ లేకపోతే బ్రోకర్ ఆ బోర్డును తెంపి, "నేను తెగిపోతే ఇది చెప్పు" అని అది ముందే అప్పగించిన లాస్ట్ విల్ (వీలునామా) సందేశాన్ని ప్రకటిస్తుంది. ఆ వీలునామా టాపిక్‌ను కూడా మీ ఎండ్‌పాయింట్ వినాలి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింది బోర్డులన్నీ కలిసి మూగబోతే కరెంటు పోయినట్లు, ఒక్కటే మూగబోతే ఆ డబ్బానే చూడాలి అన్న తీర్పు దీనితోనే సాధ్యమవుతుంది. కరెంటు వచ్చిన క్షణాన ఆ ఫీడర్ మీది బోర్డులన్నీ ఒకేసారి బ్రోకర్ మీద పడతాయి కాబట్టి, ప్రతి బోర్డు సున్నా నుంచి అరవై సెకన్ల మధ్య ఏదో ఒక సంఖ్యను ఎంచుకొని అంతసేపు ఆగి కనెక్ట్ అయ్యేలా రాయండి.

హెచ్‌టీటీపీ ద్వారం

ఇక్కడ క్రమం ముఖ్యం. సందేశం రాగానే మొదట దాని పరిమాణం చూడాలి, తరువాత సంతకం సరిచూడాలి, తరువాత క్యూలో (సందేశాలు వేచి ఉండే వరుసలో) రాయాలి, రాయడం పూర్తయ్యాకే 202 ("తీసుకున్నాను") జవాబు ఇవ్వాలి. సంతకానికి హెచ్‌మ్యాక్ షా-256 (ఇద్దరికే తెలిసిన రహస్యంతో సంతకం లెక్కించే పద్ధతి) వాడుతుంటే, జేసన్‌ను (సందేశం రాసి ఉన్న వచన రూపాన్ని) విప్పకముందే వచ్చిన బైట్లను యథాతథంగా తీసుకొని లెక్కించండి. విప్పి మళ్లీ కడితే ఒక ఖాళీ చోటు మారినా సంతకం కుదరదు. పాత సందేశాన్ని ఎవరైనా పట్టుకొని తిరిగి పంపకుండా, సంతకంలో సమయాన్ని కూడా కలిపి, ఐదు నిమిషాలు దాటినదాన్ని తిరస్కరించడం మంచిది.

జవాబు సంఖ్యలతో పంపినవారికి మనం ఏం చెబుతున్నామో తెలిసి చెప్పాలి. 400 అంటే "నీ సందేశమే తప్పు, మళ్లీ పంపకు". 503 అంటే "తప్పు నాది, కాసేపాగి పంపు". 429 అంటే "తొందరపడుతున్నావు, ఇంతసేపు ఆగు". డేటాబేస్ పడిపోయినప్పుడు 400 ఇచ్చే ఎండ్‌పాయింట్ల వల్ల మంచి సందేశాలు శాశ్వతంగా పోతాయి. మీ ప్రోగ్రాం ముందు ఎన్‌జిన్‌ఎక్స్ (సందేశాలను మొదట అందుకొని లోపలికి పంపే వెబ్ సర్వర్) ఉంటే, అది మొదట్లో ఒక మెగాబైట్ దాటిన సందేశాన్ని 413 సంఖ్యతో తానే తిప్పి పంపుతుందని, ఆ సంగతి మీ ప్రోగ్రాం లాగ్‌లో కనిపించదని గుర్తుంచుకోండి.

కాఫ్కా ద్వారం

కాఫ్కాలో మొదట తలనొప్పి తెచ్చేది అడ్వర్టైజ్డ్ లిజనర్స్ సెట్టింగ్. మీ ప్రోగ్రాం 9092 పోర్టుకు బాగానే చేరుతుంది, ఆపైన బ్రోకర్ "నా చిరునామా ఇది" అంటూ లోకల్‌హోస్ట్ ("ఈ కంప్యూటరే") అని చెబితే, ప్రోగ్రాం తన కంప్యూటరులోనే బ్రోకర్‌ను వెతుక్కుంటూ విఫలమవుతుంది. మీ ప్రోగ్రాం ఉన్న చోటు నుంచి అందే చిరునామానే బ్రోకర్ ప్రకటిస్తోందా అని ముందు చూడండి.

ఆటో కమిట్ మొదట్లో ఆన్‌లో ఉంటుంది, ఐదు సెకన్లకొకసారి "ఇక్కడి దాకా చదివాను" అని రాసేస్తుంది. దాన్ని ఆఫ్ చేసి, సందేశాన్ని దాచిన తరువాత మీరే కమిట్ చేయండి. కొత్త కన్స్యూమర్ గ్రూప్ (కలిసి చదివే ప్రోగ్రాముల జట్టు) ఎక్కడి నుంచి చదవాలో చెప్పకపోతే, అది చేరిన తరువాత వచ్చినవాటినే చదువుతుంది, పాతవాటిని వదిలేస్తుంది. ఒక విడతలో తీసుకున్న సందేశాల పని ఐదు నిమిషాలు దాటితే ఆ కన్స్యూమర్ చచ్చిపోయిందని లెక్కగట్టి కాఫ్కా దాని పనిని గ్రూపులోని మరో కన్స్యూమర్‌కు ఇస్తుంది. ఒక విడతకు మొదట్లో ఉండే 500 సందేశాల పరిమితిని తగ్గించడం ఇందుకు మొదటి మందు. ఒక బోరు సందేశాల వరుస చెదరకూడదంటే బోరు సంఖ్యనే కీగా (సందేశానికి అంటించే గుర్తుగా) పెట్టాలి.

సందేశం రూపం, దాని సమయం

ఏ ద్వారం నుంచి వచ్చినా లోపల ఒకే రూపంలోకి మార్చండి. మా దగ్గర ఒక్కో సందేశంలో ఏడు గడులు ఉంటాయి: బోరు సంఖ్య, ఆ బోర్డు వేసుకునే వరుస సంఖ్య, కొలిచిన సమయం, అందిన సమయం, కొలత పేరు, విలువ, రూపం వెర్షన్. అంటే "బోరు 07, వరుస 18423, కొలిచినది 14:05:30, అందినది 14:05:32, ఆంప్స్, 9.4, రెండో వెర్షన్" అన్నట్లుగా. బోరు సంఖ్యనూ, వరుస సంఖ్యనూ, కొలత పేరునూ కలిపి డేటాబేస్‌లో ఒక్కసారి మాత్రమే ఉండదగిన కీగా పెడితే, రెండోసారి వచ్చిన అదే సందేశం తనంతట తానే పక్కకు పోతుంది. పైన క్యూవోఎస్ ఒకటో స్థాయికి ధైర్యంగా వెళ్లమన్నది ఈ కీ మీద నమ్మకంతోనే. బోర్డు రీస్టార్ట్ అయినప్పుడు వరుస సంఖ్య ఒకటి నుంచి మొదలుకాకుండా దాన్ని బోర్డు మెమొరీలో దాచాలి, లేకపోతే మంచి సందేశాలనే పాతవనుకొని పారేస్తారు.

సమయం దగ్గర జరిగినన్ని పొరపాట్లు ఇంకెక్కడా జరగవు. కొలిచిన సమయమూ అందిన సమయమూ వేరువేరు. ముప్పై సెకన్ల నియమం కొలిచిన సమయం మీదే నడవాలి, ఎందుకంటే దాచుకున్న 240 సందేశాలు రెండు సెకన్లలో వచ్చి పడ్డప్పుడు అందిన సమయాన్ని నమ్మిన నియమం రెండు గంటల చరిత్రను రెండు సెకన్ల సంఘటనగా చదువుతుంది. బోర్డు భారత సమయం పంపుతూ, మీ వ్యవస్థ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటే ప్రతి సందేశమూ ఐదున్నర గంటలు భవిష్యత్తులో ఉన్నట్లు కనిపిస్తుంది. బోర్డు యూటీసీ పంపితే, మీరు భారత సమయమనుకుంటే ఐదున్నర గంటలు ఆలస్యమైనట్లు లెక్కవేసి ఇంజన్ అన్నిటినీ వదిలేస్తుంది. బోర్డులన్నీ యూటీసీలోనే పంపాలి, రైతు ఫోనులో చూపేటప్పుడే మన సమయానికి మార్చాలి. ఎపాక్ సంఖ్య (1970 మొదలు నుంచి లెక్కించే సమయం) పది అంకెలుంటే సెకన్లు, పదమూడుంటే మిల్లీసెకన్లు. గడియారం బ్యాటరీ అయిపోయిన బోర్డు 1970 సంవత్సరాన్ని పంపవచ్చు. అందిన సమయానికి పది నిమిషాలకు మించి ముందున్నదాన్నీ, వారానికి మించి వెనకున్నదాన్నీ నియమాల్లోకి పోనివ్వక పక్కన పెట్టండి.

ఆలస్యంగా వచ్చినవాటి కోసం వాటర్‌మార్క్ (ఈ సమయం దాకా అన్నీ వచ్చేశాయని ఇంజన్ గీసుకునే గీత) ఎంతసేపు ఆగాలన్నది మీ అవసరాన్ని బట్టి ఉంటుంది. మోటారు హెచ్చరికకు మేము పది సెకన్లే ఆగుతాము. రోజుకు ఎన్ని గంటలు మోటారు నడిచిందన్న లెక్కకు మరుసటి పొద్దుటి దాకా ఆగుతాము.

మత్తడి, మురుగు

నిండిన చెరువుకు మత్తడి లేకపోతే కట్ట తెగుతుంది. ఎండ్‌పాయింట్ వెనుక క్యూకు ఒక హద్దు పెట్టి, ఆ హద్దు దాటినప్పుడు ఏం జరగాలో ముందే నిర్ణయించాలి. హెచ్‌టీటీపీలో 429 ఇవ్వాలి, ఎంక్యూటీటీలో రసీదు ఆపాలి, కాఫ్కాలో చదవడం ఆపాలి. అప్పుడు సందేశం హెచ్‌టీటీపీలో పంపినవారి దగ్గర, మిగతా రెండింటిలో బ్రోకర్ దగ్గర నిలుస్తుంది. మస్కిటోలో ఒక్కో క్లయింటు కోసం వేచి ఉండే సందేశాలకు మొదట్లో ఉండే హద్దు 1000. పైన వేసిన 96,000 లెక్క ముందు అది ఎంత చిన్నదో చూడండి. ఆ హద్దు దాటినవాటిని బ్రోకర్ పారేస్తుంది, కాబట్టి మీ డిస్కును, మెమొరీని చూసుకొని దాన్ని పెంచండి.

రూపం తప్పిన సందేశాన్ని పారేయవద్దు, దాని కోసం వరుసను ఆపవద్దు. డెడ్ లెటర్ అనే వేరే చోట వచ్చిన బైట్లను అలాగే ఉంచి, ఏ ద్వారం నుంచి, ఎప్పుడు, ఏ కారణంతో తిరస్కరించామో పక్కన రాయండి. ఆ చోటును వారానికొకసారి ఒక మనిషి కూర్చొని చూడాలి. మా దగ్గర అలా చూసినప్పుడే, ఆంప్స్ విలువను సంఖ్యగా కాక కొటేషన్ గుర్తుల మధ్య పంపుతున్న ఒక పాత రకం బోర్డు బయటపడింది.

పరీక్ష

పొలానికి వెళ్లకముందు టేబుల్ మీదే ఈ పనులు చేసి చూడండి. ఒకే సందేశాన్ని రెండుసార్లు పంపి, డేటాబేస్‌లో ఒకటే నమోదు పడిందని చూడండి. సగం తెగిన జేసన్ పంపి, అది డెడ్ లెటర్‌లో కనిపించిందని, దాని తరువాతిది మామూలుగా నడిచిందని చూడండి. డేటాబేస్‌ను ఆపి వంద సందేశాలు పంపి, మళ్లీ మొదలుపెట్టి, వందకు వందా వచ్చాయేమో లెక్కపెట్టండి. తొంభై తొమ్మిది వచ్చినా ఎక్కడో రసీదు ముందే వెళుతున్నట్లు. చివరగా, సందేశం అందుకుంటున్న ప్రోగ్రామును మధ్యలో బలవంతంగా చంపండి. మర్యాదగా ఆపితే అన్ని వ్యవస్థలూ బాగానే ఉంటాయి, అసలు గుణం ఇక్కడే తెలుస్తుంది.

నడక మొదలయ్యాక ఒక్కో ద్వారానికి నిమిషానికి ఎన్ని వచ్చాయి, చివరిది వచ్చి ఎంతసేపయింది, డెడ్ లెటర్‌లో ఎన్ని పడ్డాయి అన్న మూడు సంఖ్యలు ఎప్పుడూ కళ్ల ముందుండాలి. టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ గడువు తేదీని నాలుగో సంఖ్యగా చేర్చండి. అది ముగిశాక బోర్డులు కొత్తగా కనెక్ట్ కాలేవు, ఒక్కో పొలానికి వెళ్లి సరిచేయాల్సి రావచ్చు.

పాత ద్వారాన్ని మూయడం

టాపిక్ పేరో, సందేశం రూపమో మార్చాల్సి వస్తే పాత ఎండ్‌పాయింటును మార్చకండి. పక్కన కొత్తది తెరిచి, రెండింటినీ ఒకే లోపలి రూపంలోకి కలిపి, బోర్డులను పది పది చొప్పున కొత్తదానికి మళ్లించండి. పాతదానిలోకి వచ్చే సంఖ్య సున్నా అయ్యాక ఒక వారం చూసి మూసేస్తామని మేము మొదట్లో అనుకున్నాము. వానాకాలంలో అలా మూసేశాము కూడా. చెరువు, కాలువ నీళ్లు అందిన రైతులు ఆ నెలల్లో బోరు ముట్టుకోరు. స్టార్టర్ డబ్బాకు కరెంటే ఉండదు. యాసంగి నాట్లు మొదలయ్యాక ఆ డబ్బాల్లోని పాత బోర్డులు లేచి, మూసిన తలుపు కొట్టడం మొదలుపెట్టాయి. ఇప్పుడు ఏ ఎండ్‌పాయింటునైనా సంఖ్య సున్నా అయిన తరువాత కూడా ఒక పూర్తి యాసంగి గడిచే దాకా తెరిచే ఉంచుతున్నాము.